ఇంటిగుట్టు లంకకు చేటు
(అమెరికా నల్లజాతి చరిత్రలో ఒక అధ్యాయం)



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా రాయవలసిందని మన కార్యదర్శి గారు రెండుసార్లు ఫోను చేసి కోరారు. ముప్పై నాలుగేళ్లు నోటు ఫైళ్లూ డ్రాఫ్టులూ రాసిన చేయి ఇది. "తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది" అన్న ధోరణి తప్ప వేరే శైలి అలవాటు లేదు. తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

అమెరికాలోని నల్లజాతివారి సంగతి మన పెన్షనర్లకెందుకని కొందరికి అనిపించవచ్చు. సంఘం పెట్టుకుని దాని నీడన బతికిన ప్రతివారికీ పనికివచ్చే ప్రశ్న ఒకటి ఈ కథలో ఉంది. మనవాళ్లలో ఒకరు తప్పు మాట్లాడారని మనకు తోచినప్పుడు ఆ మాట ఎక్కడ అనాలి? ఎవరి ఎదుట అనాలి? లేక మనవాడే గదా అని నోరు మూసుకోవాలా? ఈ ప్రశ్న నన్ను పట్టి పీడించడానికి సొంత కారణం కూడా ఒకటుంది. దాన్ని చివర మనవి చేసుకుంటాను.

నలభై రెండో నంబరు

మా అమ్మాయి కుటుంబం అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఎడిసన్ అనే ఊళ్లో ఉంటున్నది. అక్కడ మన తెలుగువారు చాలామంది ఉన్నారు. 2023 మార్చిలో మేమిద్దరం వెళ్లి ఆరు నెలలుండి వచ్చాం. ఏప్రిల్ 15న మా మనవడు టీవీలో బేస్‌బాల్ చూస్తున్నాడు. అది మన క్రికెట్టుకు దాయాది లాంటి ఆట. రెండు జట్లవారూ చొక్కా వెనుక ఒకే నంబరు, 42, వేసుకుని ఉన్నారు. ఇదేమిట్రా అంటే, "జాకీ రాబిన్సన్ నంబరు తాతయ్యా! ఈ రోజు ఆటగాళ్లందరూ అదే వేసుకుంటారు" అన్నాడు.

తర్వాత ఒక ఆదివారం మా అల్లుడు గారు దగ్గర్లోని న్యూబ్రన్స్‌విక్‌లో రట్గర్స్ విశ్వవిద్యాలయం చూపించారు. అక్కడ ఒక మనిషి జీవితాన్ని నల్లరాతి పలకల మీద చెక్కించి పెట్టారు. ఆయన పేరు పాల్ రోబ్సన్. ఆయన అక్కడ పట్టం పుచ్చుకుని నూరేళ్లయిన సందర్భంగా, 2019లో, దాన్ని ఏర్పాటు చేశారు.

మిగిలిన నాలుగు నెలలూ గ్రంథాలయంలో ఈ ఇద్దరి గురించి దొరికింది దొరికినట్టు చదివాను. పేర్లు దగ్గరగా ఉన్నందువల్ల చదువరులు తికమకపడవద్దు. రోబ్సన్ గాయకుడు, నటుడు. రాబిన్సన్ ఆటగాడు. ఇద్దరూ తమ జాతి గర్వించదగ్గవారే. కానీ 1949లో వారిలో ఒకరు రెండవవారికి విరోధంగా ప్రభుత్వ విచారణ సంఘం ఎదుట వాంగ్మూలం ఇచ్చారు.

గాయకుడు పాల్ రోబ్సన్

రోబ్సన్ 1898 ఏప్రిల్ 9న న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్‌లో పుట్టారు. తండ్రి బాల్యంలో బానిస. పదిహేనో ఏట పారిపోయి, చదువుకుని, చర్చిలో మతగురువు అయ్యారు. కొడుకు 1915లో స్కాలర్‌షిప్పు మీద రట్గర్స్‌లో చేరినప్పుడు, ఆ విశ్వవిద్యాలయానికి ఆయన మూడో నల్లజాతి విద్యార్థి మాత్రమే. ఫుట్‌బాల్ జట్టు ఎంపికకు వెళ్తే సాటి తెల్ల ఆటగాళ్లే ముక్కు పగలగొట్టారు. అయినా వదలకుండా ఆడి, దేశంలోని అగ్రశ్రేణి ఆటగాళ్లలో ఒకడనిపించుకున్నారు. చదువులోనూ ప్రథముడై 1919లో పట్టం పుచ్చుకున్నారు.

1923లో కొలంబియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం పూర్తిచేసి ఒక న్యాయవాదుల కార్యాలయంలో చేరారు. అక్కడ జరిగినది మన ఆఫీసుల వాళ్లకు బాగా అర్థమవుతుంది. ఒక తెల్ల స్టెనోగ్రాఫరు, నల్లవాడి దగ్గర డిక్టేషను తీసుకోనని మొహం మీదే చెప్పింది. రోబ్సన్ ఆ ఉద్యోగం వదిలి వచ్చేశారు. వకీలు వృత్తి పోగొట్టుకున్న గొంతు నాటకరంగానికీ, సంగీతానికీ దక్కింది. బానిసల కాలపు భక్తిగీతాలను ఆయన పెద్ద పెద్ద సభల్లో పాడారు. 1943లో బ్రాడ్వేలో ఆయన ఒథెల్లో వేషం కట్టిన నాటకం 296 ప్రదర్శనలు ఆడింది. షేక్‌స్పియర్ నాటకం అక్కడ అన్నిసార్లు ఆడటం అంతకుముందు లేదు.

1934లో ఆయన మొదటిసారి రష్యా వెళ్లారు. అక్కడ తనను మనిషిగా చూశారని భావించి, ఆ దేశానికి మిత్రుడయ్యారు. మన దేశ స్వాతంత్ర్యాన్ని కోరినవారిలోనూ ఆయన ఒకరు. 1938లో లండన్‌లో నెహ్రూ గారిని కలిశారు.

ఆటగాడు జాకీ రాబిన్సన్

రాబిన్సన్ 1919 జనవరి 31న జార్జియా రాష్ట్రంలో పాలుకు సేద్యం చేసుకునే కుటుంబంలో పుట్టారు. తండ్రి వదిలేసి పోతే, తల్లి అయిదుగురు పిల్లలతో కాలిఫోర్నియా చేరి, ఇళ్లలో పనులు చేసి పెంచింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆయన సైన్యంలో లెఫ్టినెంటు. 1944లో టెక్సాస్‌లో బస్సు డ్రైవరు వెనక సీట్లలోకి పొమ్మంటే పోనన్నారు. సైనిక న్యాయస్థానంలో విచారణ జరిపి, చివరకు నిర్దోషి అని వదిలిపెట్టారు. కాబట్టి ఆయన తల వంచే రకం కాదని చదువరులు గుర్తుంచుకోవాలి.

ఆ రోజుల్లో బేస్‌బాల్ పెద్ద లీగుల్లో నల్లవారిని ఆడనిచ్చేవారు కారు. రాతపూర్వకమైన నిబంధన ఏదీ లేదు. యజమానుల మధ్య నోటిమాట ఒప్పందం అంతే. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు పెద్ద బ్రాంచ్ రికీ ఆ ఒప్పందాన్ని కాదని, 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్‌ను మైదానంలో దించారు. ఎవరు ఎంత తిట్టినా, మీదకు వచ్చినా, తిరగబడకూడదన్నది షరతు. రాబిన్సన్ ఆ షరతును పళ్ల బిగువున భరించారు.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. అంతకు మూడేళ్ల పైచిలుకు ముందు, 1943 డిసెంబరులో, నల్లవారిని ఆడనివ్వవలసిందని కోరుతూ బేస్‌బాల్ యజమానుల సమావేశానికి ఒక ప్రతినిధి వర్గం వెళ్లింది. వారి ఎదుట నిలబడి మాట్లాడినవారిలో పాల్ రోబ్సన్ ఉన్నారు. రాబిన్సన్ తర్వాత నడిచి వెళ్లిన తలుపును ముందుగా తట్టిన చేతుల్లో రోబ్సన్ చేయి కూడా ఒకటన్నమాట.

1949 జూలై 18

1949 ఏప్రిల్‌లో పారిస్‌లో ప్రపంచ శాంతి మహాసభ జరిగింది. అమెరికాకూ రష్యాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రోజులవి. రష్యా మీద యుద్ధం వస్తే అమెరికా నల్లజాతివారు పోరాడరని రోబ్సన్ ఆ సభలో అన్నట్టు ఒక వార్తాసంస్థ వార్త పంపింది. సభలో ఆయన అన్న మాటలకూ, ఆ వార్తలోని మాటలకూ తేడా ఉందని తర్వాత పరిశోధకులు తేల్చారు. కానీ ఆనాడు అచ్చయినదే నిజమైపోయింది. అమెరికా అంతా అట్టుడికింది. రోబ్సన్ మా తరఫున మాట్లాడలేదని చెప్పడానికి నల్లజాతి సంఘాల పెద్దలే పోటీపడ్డారు. డుబోయిస్ పండితుడి వంటి కొద్దిమందే ఆయన పక్కన నిలిచారు.

అమెరికా ప్రతినిధుల సభలో "అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం" అని ఒకటి ఉండేది. ఆ సంఘం జాకీ రాబిన్సన్‌ను పిలిచింది. ఆయన అప్పుడు కీర్తి శిఖరాన ఉన్నారు. ఆ ఏడాది లీగులో అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఆయనకే వచ్చింది. వెళ్లవద్దని ఎందరో ఉత్తరాలు, తంతులు పంపారు. వెళ్లడమే మంచిదని రికీ ప్రోత్సహించారు. వెళ్లకపోతే తన జాతి దేశభక్తి మీదే అనుమానం వస్తుందని రాబిన్సన్ భావించారు. జూలై 18న భార్యతో కలిసి వాషింగ్టన్ వెళ్లారు. ఆ సంఘం అధ్యక్షుడు జార్జియా రాష్ట్రపు సభ్యుడు. అంటే ఏ రాష్ట్రపు వివక్ష భరించలేక రాబిన్సన్ తల్లి పిల్లల్ని తీసుకుని రైలెక్కిందో ఆ రాష్ట్రమే.

ఆయన చదివిన ప్రకటనలో రెండు భాగాలున్నాయి. ఒక భాగంలో, రోబ్సన్ అభిప్రాయాలు ఆయన సొంతమనీ, ఆ మాట ఆయన నిజంగా అని ఉంటే అది తెలివితక్కువ మాటగా తనకు తోస్తున్నదనీ అన్నారు. రెండో భాగం ఎక్కువ ఘాటైనది. కోర్టుల్లో అన్యాయాన్నీ, పోలీసుల దౌర్జన్యాన్నీ, నల్లవారిని గుంపులుగా పట్టి చంపడాన్నీ ఖండించేవాడు కమ్యూనిస్టు అయినంత మాత్రాన ఆ ఖండన అబద్ధం కాదన్నారు. కమ్యూనిస్టులు పుట్టకముందే నల్లవారిలో ఆగ్రహం ఉన్నదనీ, వివక్ష పోయేదాకా ఉంటుందనీ చెప్పారు.

మర్నాడు పత్రికలు పెద్ద అక్షరాలతో మొదటి భాగాన్నే ఎత్తుకున్నాయి. రెండోది అడుగున పడిపోయింది. మనం పంపిన నోటులో తనకు కావలసిన ఒక్క వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, మిగతా పేజీ తిప్పేసే అధికారిని మీరంతా చూసే ఉంటారు. ఇదీ అంతే.

రోబ్సన్ జవాబు

ఇక రోబ్సన్ ఏమంటారోనని విలేకరులంతా ఆయన చుట్టూ మూగారు. ఆటగాణ్ని ఆయన దుమ్మెత్తిపోస్తే చూడాలని వారి ఆశ. ఆయన ఆ వలలో పడలేదు. జాకీతో నాకు తగాదా లేదన్నారు. దీన్ని మా ఇద్దరి సొంత కలహంగా మార్చనివ్వను, అలా చేస్తే అవతలివారికి కావలసింది మేమే చేసిపెట్టినట్టవుతుందని చెప్పారు. నల్లవారిని చంపే ముసుగు గుంపుల జోలికి పోని విచారణ సంఘం, నల్లజాతి దేశభక్తిని పరీక్షించబూనడమే జాతికి అవమానం అన్నారు. మన పెద్దలు పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. రోబ్సన్ ఆ పిల్లిని ఎదుటే గుర్తుపట్టారు.

కానీ జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఆగస్టు 27న న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్ దగ్గర ఆయన పాట కచేరీని అల్లరిమూకలు జరగనివ్వలేదు. సెప్టెంబరు 4న మళ్లీ ఏర్పాటు చేస్తే ఇరవై వేల మంది దాకా వచ్చారు. తిరిగి వెళ్తున్న బస్సుల మీదా కార్ల మీదా రాళ్లవాన కురిపించారు. నూట నలభై మందికి పైగా గాయపడ్డారు. ఈ సంగతి విని రాబిన్సన్ బాధపడి, రోబ్సన్‌కు పాడే హక్కు, మాట్లాడే హక్కు ఉండాలని ఒక విలేకరితో అన్నారు. ఆ మాటకు పెద్ద అక్షరాలు దొరకలేదు.

1950లో ప్రభుత్వం రోబ్సన్ పాస్‌పోర్టు రద్దుచేసింది. దేశంలో హాళ్లు ఇవ్వరు, దేశం దాటి పోనివ్వరు. సంపాదన అడుగంటింది. 1951లో నల్లజాతివారి ప్రముఖ సంఘపు పత్రికే ఆయన మీద మారుపేరుతో విమర్శ అచ్చువేసింది. 1952 మేలో ఆయన కెనడా సరిహద్దు దాకా వెళ్లి, లారీ మీద నిలబడి, అవతలి గడ్డ మీద చేరిన వేలాది ప్రజలకు వినిపించేలా పాడారు. 1956లో అదే విచారణ సంఘం ఆయన్ను పిలిచి, రష్యా అంత ఇష్టమైతే అక్కడే ఉండిపోరాదా అని అడిగింది. మా తండ్రి బానిస, మావాళ్లు చచ్చి ఈ దేశాన్ని కట్టారు, ఇందులో మీతో సమానంగా నాకూ వాటా ఉంది, ఇక్కడే ఉంటానని ఆయన జవాబిచ్చారు.

1958 ఏప్రిల్ 9న ఆయనకు అరవై ఏళ్లు నిండాయి. మన లెక్కన షష్టిపూర్తి. సొంత దేశం వెలివేసిన ఆ మనిషి పుట్టినరోజును మన దేశంలో జరిపారు. అమెరికా ప్రభుత్వానికి రుచించకపోయినా నెహ్రూ గారు శుభాకాంక్షల సందేశం ఇచ్చారు. ఆ ఏడాదే అక్కడి సుప్రీంకోర్టు తీర్పు వల్ల పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. కొలంబియాలో చదువుకునే రోజుల్లో రోబ్సన్‌ను కలిసిన భూపేన్ హజారికా గారు, ఆయన పాడిన మిసిసిపీ నది పాట స్ఫూర్తితోనే అస్సామీలో తన ప్రసిద్ధ గీతం కట్టారు. గంగానదిని నిలదీసే ఆ పాటను హిందీలో మీలో చాలామంది వినే ఉంటారు.

ఇరవై మూడేళ్ల తర్వాత

రాబిన్సన్ ఆట మానేశాక కూడా జాతి కోసం ఊరుకోలేదు. మార్టిన్ లూథర్ కింగ్ ఉద్యమానికి నిధులు పోగుచేశారు, ఊరేగింపుల్లో నడిచారు, పత్రికలో శీర్షిక రాశారు. 1963 చివర మాల్కమ్ ఎక్స్‌ను విమర్శించారు. మాల్కమ్ ఎక్స్ పత్రికాముఖంగా ఘాటైన బహిరంగ లేఖ రాస్తూ, తెల్ల యజమానుల మాట విని నాడు రోబ్సన్ మీదికి వెళ్లావే అని పాత ఫైలు తిరగదోడారు. రాబిన్సన్ అంతే ఘాటుగా బదులు రాశారు. పద్నాలుగేళ్లయినా ఆ ఒక్క వాంగ్మూలం ఆయన్ను వదల్లేదు.

1972లో ఆయన ఆత్మకథ వెలువడింది. చక్కెర జబ్బుతో అప్పటికి చూపు దాదాపు పోయింది. ఆ పుస్తకంలో ఆయన ఈ సంగతి దాచలేదు. ఆ రోజుల్లో అమెరికా తెల్లవారి మీద తనకు ఇప్పటికంటే ఎక్కువ నమ్మకం ఉండేదనీ, అలాంటి ఆహ్వానం ఇప్పుడు వస్తే తిరస్కరిస్తాననీ రాశారు. తన జాతికి మేలు చేయాలన్న నిజాయితీతో కీర్తినీ, సంపదనూ, సుఖాన్నీ వదులుకున్న రోబ్సన్ మీద గౌరవం పెరిగిందని రాశారు. ఆ ఏడాది అక్టోబరు 24న, యాభై మూడో ఏట కన్నుమూశారు. రోబ్సన్ 1976 జనవరి 23న పోయారు.

రెండో వైపు

రోబ్సన్ దేవుడు, రాబిన్సన్ ద్రోహి అని తీర్పు చెప్పి ముగిస్తే అది చరిత్ర కాదు. రోబ్సన్ పక్షాన కూడా ఒక లోపం ఉంది. 1949 జూన్‌లో, రాబిన్సన్ వాంగ్మూలానికి నెల ముందు, ఆయన మాస్కోలో ఉన్నారు. తన మిత్రుడు, యూదు కవి ఫెఫర్‌ను చూడాలని పట్టుబట్టారు. జైల్లో ఉన్న ఫెఫర్‌ను తీసుకొచ్చి చూపించారు. గదిలో దొంగచాటు మైకులు ఉంటాయని భయపడి, అక్కడ యూదు రచయితలకు జరుగుతున్నదంతా ఫెఫర్ సైగలతో తెలియజేశారని రోబ్సన్ కుమారుడు తర్వాత వెల్లడించారు. మాస్కో కచేరీలో రోబ్సన్ యూదుల భాషలో ప్రతిఘటన గీతం పాడారు. కానీ అమెరికా వచ్చాక రష్యాను బహిరంగంగా ఒక్క మాట అనలేదు. తన మాటను శత్రువులు వాడుకుంటారని ఆయన భయం. 1952 ఆగస్టులో ఫెఫర్‌ను కాల్చి చంపారు.

చూడండి, ఒకరు మాట్లాడి బాధపడ్డారు, ఒకరు మాట్లాడక మచ్చ తెచ్చుకున్నారు. కాబట్టి మనవాళ్లను విమర్శించడమే తప్పు అనలేం. ఇంటిగుట్టు లంకకు చేటు అనే సామెతను నోరు మూయించడానికి వాడుతుంటాం గానీ, విభీషణుడు మొదట నిండు సభలో, అన్నగారి మొహం మీదే చెప్పాడన్న సంగతి మరిచిపోతాం. రావణుడు విని ఉంటే ఆయన సముద్రం దాటవలసిన పనే లేదు. రాబిన్సన్ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆయన నేరుగా రోబ్సన్ ఇంటికి వెళ్లి, అయ్యా, పారిస్‌లో మీరన్నది నాకు నచ్చలేదంటే అది అభిప్రాయ భేదం. తన జాతి మేలు ఏనాడూ కోరనివారు వేసిన కుర్చీలో కూర్చుని అదే మాట అంటే, అది వారి చేతిలో కర్ర.

నా మనవి

ఇప్పుడు నా సంగతి. 1980లలో ఒక సమ్మె ముగిశాక, మా ఆఫీసు సంఘం నాయకుడి మీద విచారణ మొదలైంది. ఆయన సమ్మె చందాల లెక్క సకాలంలో చూపలేదని నాకు కోపం ఉండేది. క్యాంటీనులో నలుగురి దగ్గర అన్నాను కూడా. అధికారి నన్ను గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, టీ తెప్పించారు. పదహారేళ్ల సర్వీసులో ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. "మీరు నిజాయితీపరులు. తెలిసింది రాసివ్వండి, చాలు" అన్నారు. రాసిచ్చాను. రాసిన దాంట్లో అక్షరం అబద్ధం లేదు. సమ్మె డిమాండ్లు న్యాయమైనవేనని కూడా ఆ కాగితంలో రాశాను. ఆ వాక్యం ఎవరికీ అక్కరలేకపోయింది. ఆయన్ను పదకొండు నెలలు సస్పెన్షన్‌లో ఉంచారు. తర్వాత లెక్కలు సరిపోయాయి. కానీ మా ఆఫీసులో సంఘం మళ్లీ లేవలేదు.

రిటైరయ్యాక ఒక నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ల వరుసలో ఆయన కనిపించారు. నన్ను చూసి బెంచీ మీద కాస్త జరిగి, "కూర్చోండి, ఇంకా టైము పడుతుంది" అన్నారు. ఎండల గురించీ, బీపీ మాత్రల గురించీ మాట్లాడుకున్నాం. అసలు మాట నా నోట రాలేదు. వచ్చే నవంబరులో చెబుదామనుకున్నాను. వచ్చే నవంబరుకు ఆయన లేరు.

రాబిన్సన్ తన పొరపాటును పుస్తకంలో రాసేనాటికి రోబ్సన్ ఇంకా బతికే ఉన్నారు. నాకు ఆ అదృష్టం లేదు. అందుకే, ఆయన సభ్యుడిగా ఉండి చందా కట్టిన ఈ సంఘపు సంచికలోనే రాసుకుంటున్నాను. ఆయన పిల్లలు ఇది చదివితే క్షమించవలసిందిగా ప్రార్థన.

మన సంఘంలోనూ అభిప్రాయ భేదాలున్నాయి, ఉంటాయి. లెక్కలు అడగండి, తప్పులు ఎత్తిచూపండి, సర్వసభ్య సమావేశంలో లేచి గట్టిగా కేకలేయండి. అధికారి గది తలుపు తట్టే ముందు మాత్రం, ఆ గదిలో మనకు కుర్చీ ఎందుకు వేస్తున్నారో ఒక్కసారి ఆలోచించవలసిందిగా నా మనవి.

సెలవు.